ఈజిప్టు బొమ్మలవ్రాఁతయు మా యింటి గంగాళమును

పెదపాడు ఏలూరునకుఁ గొలఁది దూరమున నున్న గ్రామము. ఊరిచుట్టును వరిచేలు, కాలువలు. దక్షిణముగాఁ బోయినచోఁ జేఁపలచెఱువులు, వానిని దాఁటినఁ గొల్లేరు. మా యింటి వీథియరుఁగుమీఁదఁ గూర్చున్నచో సాయంకాలమున బారులు తీరి సరస్సువైపునకు మరలిపోవు కొంగలు కనఁబడును. ఇట్టి యూరివారికి ఈజిప్టుదేశముతో నేమి పని యని సోదరీమణు లడుగవచ్చును. మొన్నటి దసరా సెలవులవఱకు మాకును నేమియు లేకుండెను.

ఆ సెలవులలో మావారు బడిపిల్లలకు హైదరాబాదు చూపింపఁ దలఁచి, ఆఁడుపిల్లల వెంట నొక యాఁడుదిక్కుండుట మంచిదని మమ్మును రమ్మనిరి. పదియేండ్ల మా యమ్మాయియుఁ బ్రయాణమయ్యెను. బయలుదేఱుటకు ముందటి దినమున నొక చిన్న పనిని సగములో విడిచిపోయితిమి. అటుకమీఁదఁ బడియున్న పాత యిత్తడిసామానును దింపి, వీథిలోఁ గేకవేయుచు వచ్చిన పాతసామానువానిచేఁ దూఁకము వేయించితిమి. రెండు బిందెలు, మూఁడు చెంబులు వాఁడు తీసికొనిపోయెను. పెద్ద గంగాళ మొక్కటిమాత్రము వాని త్రాసునఁ బట్టలేదు. "పెద్ద కాటా తెస్తాను, ఊరినించి వచ్చాక ఇద్దురుగానిలెండమ్మా" అని చెప్పి పోయెను. దానిని మరల నటుక కెక్కించుట కోపికలేక దొడ్డిలో బోరగిలవేసి మేము బండి యెక్కితిమి.

హైదరాబాదున నాంపల్లి స్టేషనుకు దగ్గఱనే పబ్లిక్ గార్డెన్సను విశాలమైన తోఁట కలదు. నిజాము ప్రభుత్వమువా రందు 1930వ సంవత్సరమున నొక పురావస్తు ప్రదర్శనశాలను నెలకొల్పిరి. అందలి వింతలలో మొదటిది ఈజిప్టునుండి వచ్చిన యొక 'మమ్మీ', అనఁగాఁ జెడకుండ భద్రపఱచిన మృతదేహము. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానుగారి యల్లుఁడు నజీర్ నవాజ్ జంగు దీనిని గొనితెచ్చి యేడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖానున కీయఁగా, ఆయన ప్రదర్శనశాల కొసఁగెను. మన దేశమున నిట్టివి వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినన్నియే కలవు. కలకత్తాలో నొకటి, జయపురమున నొకటి, బరోడాలో నొకటి, ఈ విధముగా. తెలుఁగునాఁట నున్నది యిదియే.

గదిలోని వెలుఁగు మందముగా నుండెను. అద్దపుఁబెట్టెలో నొక చిన్న యాకృతి. మేము పెద్దదిగా నుండునని తలఁచితిమి. మా యమ్మాయికంటెఁ గొంచెము పొడవు, అంతియే. గోధుమవన్నెకుఁ దిరిగిన నారబట్టపట్టీల చుట్లు; పైని రంగులు పూసిన గట్టిపొర శిథిలమై యచ్చటచ్చట మిగిలియున్నది. గాలి సోఁకి చెడుచున్నదని 2016లో దీనిని ప్రాణవాయువు లేకుండ నత్రజని నింపిన క్రొత్త పెట్టెలో నుంచిరి. ఈమె నైషు అను రాజకుమారి యనియు, రెండువేల యేండ్లకుఁ బైఁబడిన దేహమనియుఁ బ్రదర్శనశాలవారు చెప్పుదురు.

పిల్లలకు మావారు దేహమును భద్రపఱచు విధానమును వివరించిరి. లోపలి యవయవములను దీసి వేఱు జాడీలలో నుంచి, దేహమును 'నేట్రన్' అను నొక విధమైన యుప్పుతోఁ గప్పి తడి యింకునట్లు చేసి, పిదప నూనెలు పూసి, మూరలకొలఁది పట్టీలు చుట్టి, మొత్తము డెబ్బది దినములలోఁ గార్యము ముగింతురఁట. ఉప్పునందు ఊరవేసి యెండించుట యనఁగనే మాకుఁ జటుక్కున మాగాయ జ్ఞప్తికి వచ్చెను. ఆ వెంటనే సిగ్గు కలిగినది. ఎవరి కన్నబిడ్డయో, ఏ తల్లి యేడ్చినదో! ఆమె యెదుట నిలిచి వంటింటి తలఁపులా?

అప్పుడు మా యమ్మాయి, "అమ్మా, ఈవిడ పేరు ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు?" అని యడిగెను. ఆ దేశమున మృతుల పేటికలమీఁద నూరక యలంకారములు గీయరనియు, ఆ బొమ్మలు వ్రాఁతయే యనియు, అందుఁ బేరు తప్పక యుండుననియు మావారు చెప్పిరి. మనుజునకు దేహము, నీడ, హృదయము మొదలగువానితోపాటు పేరును ఒక యంగమని యాప్రాచీనుల నమ్మకము. పేరు నిలిచినచో మనుజుఁడు నిలుచును. పేరు చెక్కివేయఁబడినచో రెండవమాఱు చచ్చినట్లు. అందువలన సమాధులగోడలమీఁద, దారిని బోవువారలారా, నా పేరొకమాఱు పలుకుఁడని వేఁడికొను వ్రాఁతలు సయితము కలవు. రొట్టెయు నీళ్లును దెచ్చి పెట్టనక్కఱలేదు, నోటితో ననినఁ జాలును!

ఈ మాట మాకుఁ గ్రొత్తగాఁ దోఁపలేదు. మన తర్పణములలోఁ బేరు పలుకుట యేగదా ముఖ్యము! తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, తాతయొక్క తల్లి. మూఁడు తరములు పలుకుదురు. నాలుగవతరము వచ్చునప్పటికి ఒక పేరు జాఱిపోవును. అది యేమగును? ఇంతకుముం దెన్నఁడును మా కీ ప్రశ్న తోఁచలేదు.

ఊరికి వచ్చినపిదప, ఆ వ్రాఁతనుగూర్చి యొక బొమ్మలపుస్తకమును మావారు తెచ్చి యిచ్చిరి. పగటివంట ముగిసినతరువాత మేమును అమ్మాయియు దానిని ముందువేసికొని కూర్చుంటిమి. చిన్నతనమున మా నాయనగారు మాచే నమరకోశము వల్లెవేయించిన దినములు మరల వచ్చినట్లుండెను. మా కొల్లేటివారికి ఆ లిపి యంతగాఁ బరాయిది కాదని తొలిదినముననే గ్రహించితిమి. దానినిండ పక్షులే! గుడ్లగూబ 'మ'కారము. ఈకలు రాని యొక చిన్ని పిట్టపిల్ల 'వ'కార ఉకారములు. రెల్లుపోచ 'ఇ'కారము. పడగవలెఁ గొమ్ములున్న పాము ఒక యూఁదుశబ్దము. నీటియలల గీఁత 'న'కారము. నీరనఁగా 'న' యని మాయమ్మాయి దానిని గుఱుతుపెట్టుకొనెను. నోటిబొమ్మ 'ర'కారము. లేఖకుల దేవతయగు థోత్ అనువానిది వంకరముక్కు కంకణపక్షి తల. ఆ జాతిపక్షులు మా యూరి మడులలో నాగలివెంటఁ దిరుగుచుండును. వ్రాయువానికి జంతుశిరస్సేల యని నవ్వెడు వారుందురేమో. మహాభారతము వ్రాసిన మన వినాయకుని తల యెట్టిది?

వారు వ్రాసికొన్న 'పాపిరస్' అను పత్రములును నీటియొడ్డుననే పుట్టినవి. నైలునది బురదనేలలలో మనిషినిఁ మించి పెరుఁగు నొక తుంగ యది. శాస్త్రజ్ఞులు మన తుంగను దానిని ఒక్క కుదుటివిగానే లెక్కింతురు. దాని కాడను బద్దలుగాఁ జీల్చి, నిలువుగా నొక వరుస, అడ్డముగా నొక వరుస పఱచి, అదిమి యెండఁబెట్టినచోఁ గాగితమగును. మన తుంగతోఁ జాపలల్లిరి. వ్రాయుటకు మనకుఁ దాటియాకుండెను, ఆ యవసరము కలుగలేదు.

ఆ లిపిలోని తిరకాసు లేమనఁగా: మొదటిది, అచ్చులు సాధారణముగా వ్రాయరు. హల్లులనుమాత్రము పెట్టి యూరకుందురు. గుణింతములేని వ్రాఁత యెట్లు చదువవచ్చునని మేము విసిగికొంటిమి. రెండవది, ఏ ప్రక్కనుండి చదువవలెనన్న నియమము లేదు. పక్షులు, మనుష్యులు ఏవైపు మొగము పెట్టియుందురో ఆవైపునుండి మొదలుపెట్టవలెను. అనఁగా వచ్చిన చుట్టమును మొగముమీఁదఁ బలుకరించినట్లు. మూఁడవది యందఱికంటె మమ్ము మెప్పించినది. ఒక మాటకు సరియైన బొమ్మ లేనిచో, ఆ ధ్వనియే కల వేఱొకదాని బొమ్మను వాడుదురు. వారి భాషలోఁ గొడుకునకును బాతునకును ఒక్కటే హల్లులుండుటచే, రాజు 'సూర్యపుత్రుఁ'డని చెప్పుటకు బాతును, దానిప్రక్క సూర్యబింబమును గీసిరి. బాతుతో నాయనకుఁ బని లేదు!

దీనిని విన్నంతనే మాయమ్మాయి పలకబలపము తెచ్చి, "అయితే మన ఊరు నేను రాస్తాను" అనెను. మొదట రెండు పెదవులు గీసెను. పిదప నోరు తెఱచి పాడుచున్న యొక యాఁడుదానిని గీసెను. పెదవి, పాడుట, పెదపాడు! అప్పుడు మేము పుస్తకములోఁ జూచి యొక సవరణ చేసితిమి. ఈజిప్టువారు మాటచివర నుచ్చరింపని గుఱుతొకటి యుంచుదురు. నడకకుఁ గాళ్లు, స్త్రీకిఁ గూర్చున్న స్త్రీ, ఊరికి నడుమ నాలుగుదారులు కలియు నొక గుండ్రనివలయము. అది చదువుటకుఁ గాదు, ఆ మాట యేకోవకుఁ జెందినదో తెలుపుటకు. ఆ వలయమును జేర్చఁగా, సింగర్‌కంపెనీ బొమ్మవలెఁ గాక, మా యూరు నిజముగా నూరైనది. మఱునాఁడు వాకిటిముగ్గు నడుమ నదియే వెలసెను. పాలుపోయ వచ్చినామె త్రొక్కకుండఁ దప్పుకొని, "ఇదేం ముగ్గండీ?" అని యడిగెను.

ఆఁడుపేళ్లకు వారు చేయుపని యింకను ముచ్చటైనది. వారి భాషలో స్త్రీవాచకములు 'త'కారముతో ముగియును. ఆ 'త'కారమునకు గుఱుతు ఒక చిన్న రొట్టె. గుండ్రముగా నుబ్బిన సగము రొట్టెవంటిది. తరువాతి కాలపు రాణులపేళ్లచివరను దేవతలపేళ్లచివరను ఆ రొట్టెతోపాటు ఒక గ్రుడ్డును గూడ నుంతురు. క్లియోపాత్ర పేరును జూడుఁడు. సింహము, రెల్లుపోచ, రాబందు, చేయి, నోరు, అన్నియుఁ బలికినపిదప చివర రొట్టెయు గ్రుడ్డును. ఆ రెండు కనఁబడినచో నది స్త్రీనామమని తెలియును. మనకు 'అమ్మ' యున్నట్లు.

బొమ్మల విషయమునఁ గొంచెము చెప్పి ముందునకుఁ బోవుదుము. ఈజిప్టు చిత్రములలో మొగము ప్రక్కకు, కన్ను నిండుగా నెదుటికి, భుజములు రెండును మనవైపునకు, కాళ్లు మరల ప్రక్కకు. ఇది చేతకాక చేసినది కాదు. మన తోలుబొమ్మలను జూచినవారి కిది యెఱుకయే. ప్రక్కమొగమున నిండుకన్ను లేనిచో సీతమ్మవారు మనల నెట్లు చూచును? దేనిని ఏవైపునుండి చూచిన బాగుగా గుఱుతుపట్టుదుమో దాని నావైపునుండి గీయుట వారి మర్యాద. మన శిల్పులకుఁ దాళప్రమాణమువలె వారికిని గొలత యుండెను. గోడమీఁద గళ్లు గీసి, అరికాలినుండి నొసటిమీఁది కేశములవఱకుఁ బదునెనిమిది గళ్లుగా నిలుచున్న మనుష్యుని గీయుదురు. రాజు పెద్దగాను, భార్యయు బిడ్డలును మోకాలి యెత్తునను గనఁబడిన చిత్రములును జూచితిమి. ఆ మర్యాదమాత్రము మాకు నచ్చలేదు.

కాని హైదరాబాదుననే, మూసీయొడ్డున నున్న సాలార్జంగు ప్రదర్శనశాలలో వేఱొకటి కనఁబడెను. అది తూతన్ఖామూను రాజు సింహాసనమునకుఁ బ్రతిరూపము. అసలుది 1922లో హోవర్డు కార్టరను నాయన కనుఁగొనిన సమాధిలో దొరకినది. దాని వీఁపుపలకమీఁద రాజు తీఱుబడిగాఁ గూర్చుండఁగా, రాణి యంఖేసెనామూను యెదుట నిలిచి, ఒక చేత గిన్నె పట్టుకొని, రెండవచేతితో నాతని భుజమునకు సుగంధలేపనము రాయుచున్నది. పైని సూర్యబింబము, దాని కిరణముల కొనలయందుఁ జిన్నచిన్న చేతులు. ఇందు రాణి మోకాలియెత్తు కాదు, సరిజోడు. మేము చాలసే పచ్చటనే నిలిచితిమి. పిల్లలు గడియారపు బొమ్మ గంటకొట్టుట చూడవలెనని తొందరపెట్టిరి.

ఆ సింహాసనముమీఁదనే పేళ్లకథ యొకటి కలదు. రాజు చిన్నతనమున 'అతెను' దేవుని పేరును ధరించెను. పిదప మతము మాఱఁగా 'ఆమూను' దేవుని పేరునకు మాఱెను. రాణియు నట్లే. సింహాసనమునఁ గొన్నిచోట్లఁ గ్రొత్తపేళ్లు, కొన్నిచోట్లఁ బాతవియే మిగిలియున్నవి. దీనికంటెఁ గఠినమైనది హాత్‌షెప్‌సుత్ కథ. సుమారు 3,500 సంవత్సరములక్రిందట ఆమె యాదేశమును దానే రాజై యేలెను. చిత్రములలోఁ గృత్రిమమైన గడ్డమును గూడ ధరించెను. ఆమె పోయిన చాలకాలమునకు, తరువాతి రాజు మూఁడవ తుత్మోసు ఏలుబడిలో ఆమెపేళ్లను బొమ్మలను అనేకస్థలముల ఉలితోఁ జెక్కివేసిరి. ఉలి తగులని తావులందుఁ దప్పించుకొన్నవానిని 1829లో షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుఁడు చదువఁబోయి తికమకపడెను. బొమ్మ చూడఁగా గడ్డము గల రాజు. వ్రాఁత చూడఁగా స్త్రీవాచకము. ఆ చిన్న రొట్టెయే యామెను బట్టి యిచ్చినది! ఉలివానికి లింగజ్ఞానము చాలదు కాఁబోలు.

ఆ షాంపోలియనే యీ లిపిని ప్రపంచమునకుఁ దెలిపిన మహానుభావుఁడు. క్రీ.శ. 394 తరువాత ఆ యక్షరములతో వ్రాసిన శాసనము దొరకలేదు. అదించుమించుగా మా ప్రక్కనున్న పెదవేఁగిలో శాలంకాయనులు రాజ్యమేలిన కాలము. అప్పటినుండి పదునాలుగు వందల యేండ్లు చదువఁగల మానవుఁడు భూమిమీఁద లేఁడు. కరణముల గొలుసుకట్టువ్రాఁతయే యిప్పటి పిల్లలు చదువలేరు. ఇంక దాని మాట చెప్పనేల? 1799లో రోసెట్టా యనుచోటఁ దెగిన రాయి యొకటి ఫ్రెంచిసైనికులకు దొరకెను. ఒక్క యాజ్ఞయే బొమ్మలలిపిలోను, వాడుకలిపిలోను, గ్రీకులోను మూఁడుమాఱులు చెక్కియున్నది. రాజుల పేళ్లచుట్టు కోలగా నొక త్రాడువంటి గీఁత యుండుట గమనించి, టాలెమీ, క్లియోపాత్ర యను పేళ్లలోని యక్షరములను సరిపోల్చి, 1822లో ఆయన దారి కనుఁగొనెను. రెండు పేళ్లయందును 'ల'కారస్థానమున నొకే సింహము పరుండియున్నది. తాళము పేరు, తాళపుఁజెవియుఁ బేరే.

మన దేశపుఁ బ్రాచీనలిపియగు బ్రాహ్మియు నట్లే మఱవఁబడి, 1837లో జేమ్సు ప్రిన్సెపు చేతఁ జదువఁబడెను. సాంచిలోని చిన్న చిన్న శాసనము లనేకము లొక్కవిధముగా ముగియుట చూచి, అది 'దానం' అను మాట కావలెనని యాయన యూహించెను. అచట రాజుపేరు తలుపు తెఱచినది; ఇచట దానము తెఱచినది.

ఇంతదూరమువచ్చి, మన యింటిముంగిటి వ్రాఁతను జూడకుండుట తప్పని తోఁచి, ఒక యాదివారము కామవరపుకోట దాపుననున్న గుంటుపల్లి గుహలకుఁ బోయితిమి. కొండను దొలిచి చేసిన గుండ్రని చైత్యము, దాని కప్పునఁ గొయ్యదూలములవలె మలిచిన రాతివాసములు చూడఁదగినవి. అచట దొరకిన యొక బ్రాహ్మీశాసనము, మహామేఘవాహన వంశపు రాజైన సిరిసదుని లేఖకుఁడు చూళగోముఁడు మండపమును దాన మిచ్చెనని చెప్పును. వ్రాసి బ్రదికిన యొక గుమాస్తాపేరు రెండువేలయేండ్లు నిలిచినది! ఆఁడువారి పేళ్లును లేకపోలేదు. అమరావతి రాళ్లమీఁదఁ దల్లులు, కూఁతుండ్రు, భిక్షుణులు తమ పేళ్లతో దానము లిచ్చిరి. నాగార్జునకొండ మహాచైత్యమును గట్టించినది చాంతిసిరి, ఇక్ష్వాకురాజు చాంతమూలుని తోఁబుట్టువు. దారిని బోవుచు మేము మెల్లగా నామెపేరు పలికితిమి. చుట్టునున్న వారు వినలేదు.

ఇల్లు చేరి కాళ్లు కడుగుకొన దొడ్డిలోనికిఁ బోఁగా గంగాళము కనఁబడెను. దాని యంచున, చుక్కలు చుక్కలుగా, పేరు కొట్టించిన జాడ! పెండ్లి సామానుమీఁదఁ బేరు కొట్టించుట మన యిండ్లలో మామూలే. మా స్టీలుగిన్నెలమీఁద మాపేరును గలదు. ఇన్నిదినములుగాఁ జూడని కంటికి ఇప్పుడేల కనఁబడెనో! చింతపండుతోఁ దోమి, ఆరినపిదప వరిపిండి రుద్ది తుడిచితిమి. పిండి గుంటలలో నిలిచి తెల్లగా అక్షరములు లేచినవి. మొదట నొక కొమ్మువంటిది. పిదప నేమియు లేదు. ఎన్నియో యేండ్లు బూడిదతోఁ దోమఁగాఁ దోమఁగా అరిగిపోయినది. చివరిదిమాత్రము స్పష్టముగా నున్నది: 'మ్మ'.

"రొట్టే, గుడ్డూనూ!" అని మాయమ్మాయి యఱచెను.

మా మామగారి మేనత్తగారు తొంబదియేండ్లు దాఁటినవారు, మా యూరిలోనే యున్నారు. వెళ్లి యడిగితిమి. ఆమె గంగాళ మనఁగానే గుఱుతుపట్టిరి. "అది మా నాయనమ్మదే. దానినిండా నీళ్లు కాచి మమ్మల్ని వరసగా నిలబెట్టి తలంటేది" అనిరి. పేరేమని యడిగితిమి. కొంతసే పూరకుండి, "అందరూ పెద్దమ్మగారనేవాళ్లమ్మా. తద్దినంనాడు మా అన్నయ్య ఆవిడ పేరు గట్టిగానే చెప్పేవాడు. మేము వంటింట్లో గారెలు వేస్తూ ఉండేవాళ్లం, ఎవరు విన్నారూ?" అనిరి.

మఱునాఁడు పాతసామానువాఁడు పెద్దకాటా తీసికొని రానేవచ్చెను. గంగాళ మీయమని చెప్పితిమి. వాఁడు నొచ్చుకొనలేదు. ముందు తీసికొనిపోయిన రెండు బిందెల సంగతి యడిగితిమి. అవి యప్పుడే కరఁగుటకుఁ బోయినవఁట. వానిమీఁదఁ బేళ్లేమైన నున్నవా యని యడుగఁగా, కాటాను సైకిలుకుఁ గట్టుకొనుచు, "అన్నిటి మీదా ఉంటాయమ్మా పేర్లు. మేం తూకమే చూస్తాం" అని పోయెను.